దోమకాటు వైరస్‌లు – దేహరక్షణలో సంయమనం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభయందు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బైఐదేండ్ల పండుగనాడు జ్వరాల ప్రసంగమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాని వానలు పడి పది దినాలు గడిచేసరికి ఏ పాఠశాలలోనైనా హాజరుపట్టీ చెప్పే కథ ఒకటే. ఒక వరుసలో ఇద్దరు, మరొక వరుసలో ముగ్గురు, చుట్టు ఖాళీలు. డెంగీ, చికున్‌గున్యా అన్న మాటలు నేడు ఒకటవ తరగతి పిల్లల నోట సైతం వినబడుతున్నవి. మాటలు తెలిసినంతగా ఆ జ్వరాల తీరు తెలియదన్నదే విచారించదగిన విషయం.

డెంగీలో ఒక విచిత్రమున్నది. నాలుగు దినాలు పెనంలా కాలిన ఒళ్ళు ఐదవనాడు చల్లబడుతుంది. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివస్తుంది. గండం గడిచిందని తల్లి బిడ్డకు తలంటుకు నీళ్ళు కాచుతుంది. తండ్రి మగ్గం దగ్గరకో, మిల్లుకో వెళ్ళిపోతాడు. అత్యధికుల విషయంలో గండం నిజంగా గడచినట్లే. కాని కొందరు పిల్లలకు, సరిగ్గా ఆ చల్లబడిన తరువాతి ఇరవైనాలుగు, నలభైఎనిమిది గంటలలోనే కడుపునొప్పి తీవ్రమవుతుంది, వాంతులు ఆగవు, చేతులూ కాళ్ళూ మంచులా అవుతాయి, నాడి సన్నగిల్లుతుంది. రక్తపరీక్ష చేసి చూస్తే అప్పటికి రక్తంలోని వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. శత్రువు వెనుదిరుగుతున్న వేళ కోట గోడలు కూలడమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వైరస్‌లో కంటె ఎక్కువగా మన దేహరక్షణ వ్యవస్థలోనే ఉన్నది.

ఈ షోలాపురం ప్రాంతానికి ఈ జబ్బులు కొత్తవి కావు. చికున్‌గున్యా వైరస్‌ను మొదట గుర్తించినది 1952–53లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాలో. కీళ్ళనొప్పులతో రోగి వంగిపోయే తీరును బట్టి అక్కడి మకొండే భాషలో ఆ పేరు వచ్చింది. మన దేశంలో 1963లో కలకత్తాను, 1964లో మద్రాసును, వెల్లూరును పీడించిన ఆ జ్వరం 1973లో ఇదే జిల్లాలోని బార్షీ పట్టణాన్ని పట్టుకున్నది. ఆ తరువాత ముప్పై ఏండ్లకు పైగా పెద్ద ఎత్తున కనబడకపోవడంతో జనం మరచిపోయారు. 2005–06లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రలను ఒక్కసారిగా ముంచెత్తింది. మెదడువాపు జ్వరపు జాడ మన దేశంలో తొలిసారి తెలిసినది 1955లో వెల్లూరు ప్రాంతంలో. డెంగీ వంటి జ్వరం మద్రాసులో 1780లోనే వ్యాపించినట్లు వైద్యచరిత్రకారులు వ్రాశారు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మలేరియా సంగతి. అది వైరస్ కాదు, పరాన్నజీవి. అయినా జ్వరానికీ దోమకూ ఉన్న బంధుత్వాన్ని లోకానికి రుజువు చేసిన గడ్డ తెలుగునాటిదని పిల్లలకు చెప్పడంలో దోషం లేదు.

డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. కుళాయి నాలుగైదు దినాలకొకమారు వచ్చే ఊళ్ళలో ప్రతి ఇంటా తొట్లు, డ్రమ్ములు, కాగులు నిండివుంటాయి. అది ఆ దోమకు పుట్టిల్లు. నీరు దాచుకోవడం ఇల్లాలి తప్పు కాదు; మూత లేకపోవడమే చిక్కు.

ఇక దోమ కుట్టిన తరువాతి కథ. ఆడదోమ తన లాలాజలంతో పాటు వైరస్‌ను చర్మంలోకి వదులుతుంది. చర్మంలో కాపలా తిరిగే కణాలున్నవి. ఏ కొత్త పదార్థం కనబడినా దానిని పట్టి సమీపంలోని లింఫు గ్రంథులకు చేర్చడం వాటి విధి. డెంగీ వైరస్ ఆ కాపలా కణాలలోనే చొరబడి పెరుగుతుంది. కణం లోపల వైరస్ జన్యుపదార్థాన్ని పసిగట్టే గ్రాహకాలు కూడా ఉన్నవి. అవి పసిగట్టగానే కణం ఇంటర్‌ఫెరాన్ అనే మాంసకృత్తును విడుదల చేస్తుంది. దీనిని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను తాకదు, చంపదు. ఇరుగుపొరుగు కణాలకు దండోరా వేస్తుంది. దండోరా విన్న కణాలు తలుపులు మూసుకొని, వైరస్ పెరుగుదలకు అక్కరకు వచ్చే పనులను నిలిపివేస్తాయి. ఒళ్ళు నొప్పులు, చలి, జ్వరం చాలావరకు ఈ దండోరా ఫలితాలే. జ్వరం రోగం కాదు, రోగంతో జరిగే పోరు అని పెద్దలనే మాటలో నిజం లేకపోలేదు. వైరస్ మాత్రం ఊరుకుంటుందా? ఇంటర్‌ఫెరాన్ సందేశాన్ని కణకేంద్రానికి మోసుకుపోయే దూతను డెంగీ వైరస్ దారిలోనే నాశనం చేయిస్తుంది.

ఆ వెనుక రెండవ శ్రేణి బలగం కదులుతుంది. బి-కణాలు ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. టి-కణాలలో కొన్ని వైరస్ సోకిన కణాలను వెదకి సంహరిస్తాయి. ఈ బలగానికి వారం దినాలు పట్టవచ్చు. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. పుస్తకాలు అంతగా చెప్పనిది, ఈ బలగాన్ని ఎవరు ఆపుతారన్నది.

మగ్గం ఎరిగిన కుటుంబాలకు దీనిని వివరించడం సులువు. పడుగు బిగువు తక్కువైతే పేక సరిగా పడదు, గుడ్డ వదులవుతుంది. బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి. నేతగాని నైపుణ్యమంతా ఆ బిగువును క్షణక్షణం సరిచూచుకోవడంలోనే ఉన్నది. దేహరక్షణకూ అట్టి బిగువు ఏర్పాట్లున్నవి. ఇంటర్‌ఫెరాన్ మోగించిన గంటను కొంతసేపటికి నిలిపే మాంసకృత్తులు అదే కణంలో తయారవుతాయి; అంటే గంట మోగించిన చేయే దానిని ఆపే ఏర్పాటు కూడా చేస్తుందన్నమాట. యుద్ధం ముగిసిన పిదప సంహారక టి-కణాలలో అత్యధిక భాగం తమంతట తాము నశిస్తాయి. కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. వీటన్నిటికి తోడు, ఇతర కణాల దూకుడును అదుపు చేయడమే వృత్తిగా గల నియంత్రక టి-కణాలనే ఒక ప్రత్యేక వర్గమున్నది.

ఈ నియంత్రక కణాల సంగతిని జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి 1995లో చిట్టెలుకలలో నిరూపించినప్పుడు చాలామంది నమ్మలేదు. అణచివేసే కణాలున్నవన్న వాదం అంతకుముందే ఒకమారు తలెత్తి, ఋజువులు నిలబడక పరువు పోగొట్టుకొని ఉండడమే అందుకు కారణం. 2001లో అమెరికాలో మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక జాతి చిట్టెలుకలు తమ దేహాన్ని తామే నాశనం చేసుకొనే వ్యాధికి మూలమైన ఫాక్స్‌పి3 జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువే నియంత్రక కణాలను తీర్చిదిద్దుతుందని తరువాత తేలింది. ముప్పై ఏండ్ల నిరీక్షణ తరువాత ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పరీక్షలో ఒక్కమారు మార్కులు తగ్గితే కుంగిపోయే పిల్లలకు సకగూచి కథ చెప్పవచ్చును.

దోమకాటు వైరస్‌లకు ఈ కణాలతో ఏమి పని అంటే, దానికీ సాక్ష్యమున్నది. వెస్ట్ నైల్ అనే వైరస్ కూడా దోమలు వ్యాపింపజేసేదే. అమెరికాలో రక్తదాతలలో ఆ వైరస్ సోకినవారిని పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఏ లక్షణాలూ లేకుండా గట్టెక్కినవారి రక్తంలో నియంత్రక టి-కణాలు ఎక్కువగాను, జబ్బుపడినవారిలో తక్కువగాను కనబడ్డవి. ఆ కణాలను తొలగించిన చిట్టెలుకలలో జబ్బు మరింత ముదిరింది. డెంగీ రోగులలోను, తేలికగా బయటపడినవారిలో సంహారక కణాలతో పోల్చితే నియంత్రక కణాల పాలు హెచ్చుగా ఉన్నట్లు కనుగొన్నారు. 2013లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 39 కోట్ల డెంగీ సంక్రమణలు జరుగుతుండగా, జబ్బుగా బయటపడేవి 9.6 కోట్లు మాత్రమే. మిగిలినవారికి తమకు డెంగీ వచ్చిందనే తెలియదు. బిగువు సరిగా నిలిచిన మగ్గాలవి.

మరి కొందరిలో ఎందుకు తెగుతుంది? ఇక్కడే డెంగీ తక్కిన జబ్బుల నుండి వేరవుతుంది. తట్టు ఒకమారు వస్తే మరల రాదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నవి. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుండి దాదాపు జీవితాంతం రక్షణ లభిస్తుంది. తక్కిన మూడింటి నుండి లభించే రక్షణ కొద్ది నెలలే. ఆపైన రెండవ రకం సోకినప్పుడు పాత ప్రతిరక్షకాలు దానికి అంటుకుంటాయి గాని దానిని నిర్వీర్యం చేయలేవు. ప్రతిరక్షకం అంటుకున్న దేనినైనా మింగివేయడం భక్షక కణాల నైజం. అవి ఆ ప్రతిరక్షకపు తోకను పట్టుకొని వైరస్‌ను లోపలికి లాగుకుంటాయి. డెంగీ వైరస్‌కు కావలసింది సరిగ్గా ఆ కణమే! దొంగచేతికి తాళంచెవి ఇచ్చినట్లవుతుంది. పైగా ఈ దొడ్డిదారిన చొరబడిన వైరస్ కణంలోని ఇంటర్‌ఫెరాన్ దండోరాను అణచి, నిగ్రహం చేసే రసాయనాలను అకాలంలో పెంచుతుందని ప్రయోగశాలలలో చూశారు. మొదట బిగువు వదులు కావడంతో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. పెరిగిన తరువాత దానిని ఎదుర్కొనే స్పందన అంతకంత పెద్దదవుతుంది. సంయమనం మంచిదే కాని దానికీ వేళ ఉండాలి.

ఈ సంగతిని బయటపెట్టినవారిలో అగ్రగణ్యుడు అమెరికా వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్. 1960ల దశకంలో బ్యాంకాక్‌లో పిల్లలను పరిశీలించి, తీవ్రమైన డెంగీ రెండు వర్గాలలో కనబడుతున్నదని ఆయన గుర్తించాడు. ఒకటి, రెండవమారు డెంగీ సోకిన పిల్లలు. రెండవది, తొలిమారే సోకిన పసికందులు. ఈ రెండవ వర్గమే చిక్కుముడి. ఏడాది నిండని బిడ్డకు పూర్వపు డెంగీ ఎక్కడిది? తల్లి నుండి వచ్చింది. గర్భంలో తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు మొదటి నెలలలో బిడ్డను కాపాడుతాయి. నెలలు గడిచేకొలది అవి పలుచబడి, ఆరు నుండి తొమ్మిది నెలల వయసు ప్రాంతంలో, కాపాడడానికి చాలక, వైరస్‌కు దారి చూపడానికి మాత్రం సరిపోయే స్థాయికి దిగుతాయి. తల్లి కట్టిన రక్షే కొంతకాలం తరువాత తెలియకుండా శత్రువుకు తోవ చూపడమన్నది వినడానికి కష్టంగానే ఉంటుంది. అందులో తల్లి దోషమేమీ లేదు. ఆ వయసు బిడ్డకు పగలు కూడా దోమతెర కట్టడం మాత్రం ఇంటివారి చేతిలో ఉన్నది.

ఈ సిద్ధాంతాన్ని క్యూబా ద్వీపం పెద్ద ఎత్తున రుజువు చేసింది. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ వ్యాపించింది. చాలావరకు తేలికపాటి జ్వరమే. 1981లో రెండవ రకం వచ్చింది. 3,44,203 మందికి జబ్బు చేయగా, 10,312 మందికి తీవ్రరూపం దాల్చింది. 158 మంది మరణించారు. వారిలో 101 మంది పిల్లలు. 1997లో శాంటియాగో నగరంలో మళ్ళీ రెండవ రకం తలెత్తినప్పుడు తీవ్రంగా జబ్బుపడినవారు దాదాపు అందరూ పెద్దవారే. ఇరవై ఏండ్ల క్రిందట మొదటి రకం సోకినవారు వారే. ఆ తరువాత పుట్టిన పిల్లలకు పాత ప్రతిరక్షకాలు లేవు, తీవ్రతా లేదు. నికరాగువాలో ఎనిమిది వేలకు పైగా పిల్లలను పండ్రెండేండ్లు వెంబడించి 2017లో ప్రకటించిన ఫలితాలు ఇంకొక మెలిక తెలిపాయి. ప్రతిరక్షకాలు బొత్తిగా లేనివారికీ, పుష్కలంగా ఉన్నవారికీ తీవ్రప్రమాదం తక్కువ. మధ్యస్థంగా, అరకొరగా ఉన్నవారికే ఎక్కువ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. రెండవ సంక్రమణలో పెరిగిన వైరస్ ఎన్ఎస్1 అనే మాంసకృత్తును రక్తంలోకి వదులుతుంది. అది రక్తకేశనాళికల లోపలి పూతను దెబ్బతీస్తుందని 2015లో వెలువడిన పరిశోధనలు చూపాయి. పైగా రెచ్చిన టి-కణాలు, భక్షక కణాలు విడిచే రసాయనాలు తోడవుతాయి. నాళాలు జల్లెడలై రక్తంలోని ద్రవభాగం కణజాలాలలోకి, కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, పీడనం పడిపోతుంది. జ్వరం దిగిన నాటి ప్రమాదం ఇదే. ఊరట కలిగించే విషయమేమంటే ఈ కారడం ఒకటి రెండు దినాలలో తానే ఆగుతుంది. ఆ లోపల ద్రవాన్ని కొలత తప్పకుండా అందిస్తే బిడ్డ దక్కుతుంది. ఎక్కువగా ఎక్కించినా ఊపిరితిత్తులకు ముప్పే. కనుక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, మగత లేక అస్థిమితం కనబడితే జ్వరం లేదన్న ధీమాతో ఇంట ఉంచరాదు.

పత్రికలూ ఇరుగుపొరుగువారూ రక్తఫలకికల లెక్క చుట్టూ తిరుగుతుంటారు. ప్లేట్‌లెట్ల కొరకు తండ్రులు రాత్రింబవళ్ళు రక్తనిధుల వెంట పరుగులు తీయడం చూస్తున్నదే. రక్తస్రావం లేని పెద్దలకు, లెక్క ఇరవై వేలకు దిగినా, ముందుజాగ్రత్తగా వాటిని ఎక్కించడం వలన మేలు లేదనీ, ఇతర బాధలు పెరిగాయనీ సింగపూరు, మలేషియాలలో జరిపి 2017లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. అసలు గమనించవలసినది రక్తం ఎంత చిక్కబడినదన్నది.

స్పందన అతి కావడమే కీడైతే దానిని మందుతో అణచివేయరాదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. వియత్నాంలోని హోచిమిన్ నగరంలో 225 మంది రోగులకు తొలిదశలోనే స్టెరాయిడ్ ఇచ్చి చూచారు. 2012లో వచ్చిన ఫలితం: హాని కనబడలేదు, మేలూ కనబడలేదు. అణచివేయడం వేరు, అదుపు వేరు. ఇక అంగళ్ళలో రోగనిరోధక శక్తిని పెంచుతామనే సీసాల మాట. డెంగీలో ఏ భాగాన్ని, ఏ దినాన పెంచాలో ఆ సీసా అమ్మేవానికి తెలియదు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి గనుక డెంగీ అనుమానం ఉన్నంతకాలం వాటి జోలికి పోరాదు.

చికున్‌గున్యాది మరొక తీరు. అది ఒకే రకం వైరస్; ఒకమారు వచ్చి పోతే మళ్ళీ రావడం అరుదు. వారంలో రక్తం శుభ్రపడుతుంది. అయినా బీడీలు చుట్టే చేతులు, కండెలు చుట్టే చేతులు నెలల తరబడి ముడుచుకోలేవు. వైరస్ శకలాలు కీళ్ళలోని భక్షక కణాలలో మిగిలివుండడం, వాటి చుట్టూ టి-కణాలు పోరు సాగించడం ఇందుకు కారణమని భావిస్తున్నారు. ఒక వర్గం టి-కణాలు లేని చిట్టెలుకలలో వైరస్ ఉన్నా కీళ్ళవాపు తక్కువగా ఉండడం 2013లో చూశారు. జబ్బు పోయింది కదా, ఇంకా నటన అని కోడలిని గాని అత్తను గాని నిందించే ఇళ్ళలో ఈ సంగతి తెలియవలసి ఉన్నది.

పాఠశాలలు మరువరాని ఉదంతమొకటి. ఫిలిప్పీన్స్ దేశం 2016 ఏప్రిల్‌లో బడిపిల్లలకు తొలి డెంగీ టీకా వేయసాగింది. ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబరులో తయారీదారులే ఒక సంగతి ప్రకటించారు: అంతకుముందు డెంగీ సోకిన పిల్లలకు టీకా రక్షణనిస్తున్నది, ఎన్నడూ సోకని పిల్లలకు మాత్రం అదే తొలి సంక్రమణ వలె పనిచేసి, తరువాత నిజమైన డెంగీ వస్తే తీవ్రమయ్యే అవకాశాన్ని పెంచుతున్నది. కార్యక్రమం ఆగిపోయింది. తల్లిదండ్రుల విశ్వాసం ఎంతగా సడలినదంటే తట్టు టీకాలకు కూడ పిల్లలను తేవడం తగ్గింది. 2019లో అక్కడ తట్టు ప్రబలింది. హాల్‌స్టెడ్ వంటివారు ముందే హెచ్చరించారు. వినవలసినవారు వినలేదు. టీకాలన్నిటినీ శంకించడానికి ఇది కారణం కాదు. మెదడువాపుకు, పచ్చజ్వరానికి ఉన్న టీకాలు లక్షల ప్రాణాలను నిలిపాయి. డెంగీ టీకా నాలుగు రకాలకూ సమానంగా, ఒక్కమారే రక్ష కట్టవలసి ఉన్నది. ఒకటి రెండింటికి కట్టి తక్కినవాటిని వదిలితే అరకొర ప్రతిరక్షకాల చిక్కు మళ్ళీ మొదటికి వస్తుంది.

మన దేశంలో తయారైన డెంగీ టీకాపై మూడవ దశ పరీక్ష 2024 ఆగస్టులో రోహతక్‌లో ఆరంభమై, పది వేలకు పైబడిన వయోజనులపై వివిధ రాష్ట్రాలలో జరిగేటట్లు భారత వైద్య పరిశోధన మండలి ఏర్పాటు చేసింది. ఒక్క మోతాదు టీకా. ఆపైన రెండేండ్ల పరిశీలన. మొదటి ఏడు జ్వరాలు తగ్గాయా అన్నది ఒక లెక్క. ప్రతిరక్షకాలు పలుచబడిన తరువాత, నాలుగింటిలో ఏ రకం వచ్చినా, అదివరకు డెంగీ ఎరుగనివారు ఎట్లు తట్టుకుంటారన్నది రెండవ లెక్క. పిల్లలకు ఆ టీకా రావడం ఈ రెండవ లెక్క మీదనే ఆధారపడి ఉన్నది.